బిర్రుగారి బాతుగుడ్లు

మా అన్నయ్యని ఈ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. బిర్రు అంటారు. కాస్త గౌరవం ఉన్నవాళ్ళు బిర్రుగారు అంటారు. ఫ్రిజ్‌లు బాగుచేయడం ఆయన పని. ఎవరింటికి పిలిచినా ముందు మోటారు జోలికి పోడు, తలుపు చూస్తాడు. చొక్కాజేబులోంచి ఓ కాగితం ముక్క తీసి తలుపు సందులో పెట్టి, మూసి, మెల్లగా లాగుతాడు. కాగితం జారి వచ్చేసిందంటే ఇంటావిడ వంక జాలిగా చూసి, "బిర్రుగా లేదమ్మా, చల్లదనమంతా వీధిపాలవుతోంది" అంటాడు. తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని గాస్కెట్ అంటారు. దాన్ని వేడినీళ్ళతో తుడిచి, సాగదీసి, పనికిరాకపోతే కొత్తది వేసి మళ్ళీ కాగితం పెడతాడు. ఈసారి లాగితే కాగితం చిరగాలి గాని బయటికి రాకూడదు. అప్పుడు చూడాలి ఆయన ముఖం.

నేను ఆయన చెల్లెల్ని. అదే ఇంట్లో ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. నాకు నోరు ఎక్కువని అంటారు. నేను చెప్పబోయే నెల రోజులు ఆ ముందుగదిలో నా స్థానంలో ఎవరున్నా వాళ్ళకీ నోరు వచ్చి ఉండేది.

మా వదినకి బాతులంటే ప్రాణం. పెరట్లో నీళ్ళతొట్టి పక్కన చెక్కలతో చేసిన గూడు, అందులో నాలుగు బాతులు. వాటిలో పెద్ద తెల్లబాతుని వదిన 'పెద్దమ్మాయి' అని పిలిచేది. వదిన బట్టలు ఆరేస్తుంటే అది తీగ ఈ చివర నుంచి ఆ చివరికి వెనకే నడిచేది. వదిన ఊడుస్తుంటే చీపురుతో పోట్లాట పెట్టుకునేది. వంటింట్లోకి వచ్చి సింకు కింద కూర్చుని ఆవిడ చెప్పే మాటలన్నీ వినేది. ఇంట్లో ఆవిడ మాటలు పూర్తిగా వినే ప్రాణి అదొక్కటే కాబట్టి వాళ్ళిద్దరికీ బాగా పొసగింది.

గూటి తలుపుకి ఒక గడియ ఉండేది. దాని స్క్రూ ఊడిపోయి ఎటో పడిపోయింది. వదిన అప్పటికి తాడుతో కట్టి, "ఏవండీ, ఆ గడియ కాస్త చూడండి" అంది. "ఆఁ, చూస్తా" అన్నాడు అన్నయ్య. మర్నాడు అంది. "ఆఁ, చూస్తా." ఆయన స్నానానికి వెళ్తుంటే అంది, స్కూటరు తీస్తుంటే అంది, పడుకోబోతుంటే అంది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా జవాబు ఒక్కటే. ఆయనకి లెక్కలేక కాదు. బాతుల మీద ఆయనకీ ప్రేమే. కాని గడియ చాలా చిన్న పని, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేసెయ్యొచ్చు, అందుకే ఎప్పుడూ చెయ్యలేదు. ఊళ్ళో తలుపులన్నీ బిగించే మనిషి రోజూ జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఆ గూటి పక్కనుంచే నడిచి వెళ్ళేవాడు.

ఒకరోజు తెల్లవారాక వదిన పెరటి తలుపు తీసేసరికి తాడు తెగి వేలాడుతోంది. పెరడంతా ఈకలు. వీధికుక్క నాలుగింటి పనీ పూర్తిచేసి వెళ్ళిపోయింది. అంతకన్నా నేను చెప్పలేను. పెద్దమ్మాయి అప్పుడప్పుడే గుడ్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. గూటి మూల గడ్డిలో గుడ్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఇంకా కాస్త వెచ్చగానే ఉన్నాయి. వదిన వాటిని ఒడిలో వేసుకుని లోపలికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. ఎనిమిది గుడ్లు. ఆవిడ ఏడవలేదు. అన్నయ్యని ఒక్క మాట అనలేదు. ఇంత గొంతు చించుకునే మనిషి కిక్కురుమనకుండా ఉండేసరికి నాకు భయం వేసింది.

ఆ రోజు నుంచి వదిన ఆయనతో మాట మానేసింది. మాట్లాడాల్సినవన్నీ నాతో చెప్పేది, ఆయన పక్కనే నిలబడి ఉన్నా సరే.

"మీ అన్నయ్యని అన్నానికి రమ్మను."

"వస్తున్నానని మీ వదినకి చెప్పు."

మధ్యలో నేను ఇద్దరి ముఖాలూ చూస్తూ, సూదిలో దారం ఎక్కించుకోవాలి.

ఆ గుడ్లని తనే పిల్లలు చేయిస్తానని అన్నయ్య పంతం పట్టాడు. "ఒక్క పిల్లయినా లేస్తే చాలు, మీ వదిన ముఖం నేను చూడలేకపోతున్నాను" అని నాతో అన్నాడు. వదిన విని, గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది. కూల్‌డ్రింకుల షాపువాళ్ళు పారేసిన చిన్న గాజుతలుపు ఫ్రిజ్ ఒకటి ఆయన దగ్గర ఎప్పటినుంచో పడి ఉంది. దాని మోటారు పీకేశాడు. లోపల రెండు బల్బులు పెట్టాడు, పాత కంప్యూటరులోంచి చిన్న ఫ్యాను తెచ్చి బిగించాడు, వేడి ఎక్కువైతే బల్బు ఆరిపోయేలా, తగ్గితే వెలిగేలా ఓ స్విచ్చు పెట్టాడు. తేమ కోసం అడుగున నీళ్ళగిన్నె. గుడ్లు దొర్లిపోకుండా నా దగ్గరున్న యూనిఫారం గుడ్డముక్కలు. నేనిచ్చానని అనుకోకండి, నా బుట్టలోంచి తీసుకున్నాడు.

అన్నీ అయ్యాక తలుపుకి సరికొత్త గాస్కెట్ వేశాడు. కాగితం పెట్టి లాగాడు. చిరిగింది. నాలుగు పక్కలా లాగాడు. నాలుగు పక్కలా చిరిగింది.

"చీమ కూడా దూరలేదు," అన్నాడు. "మీ వదినకి చెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు పెరటి తలుపు వైపు ఉంది. తాడు తెగిన ఆ సందు ఆయన బుర్రలోంచి పోవడం లేదని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యాక నేనూ ఏమీ అనలేకపోయాను.

అనాల్సింది. ఎందుకంటే ఆ డబ్బాని తీసుకొచ్చి నా గదిలో పెట్టాడు. ఎండ పడని గది అదొక్కటే, కరెంటు పోతే బ్యాటరీ లైను ఉన్నదీ ఆ గదికే. పెట్టి ఊరుకున్నాడా, కుట్టుమిషను తొక్కొద్దన్నాడు. అదిరితే గుడ్లలో పిల్ల చెడిపోతుందట. ఇస్త్రీపెట్టె పెట్టొద్దన్నాడు, బల్బులు మసకబారుతున్నాయట. కిటికీ తీయొద్దు, ఫ్యాను వెయ్యొద్దు, తలుపు ధడేల్‌మని వెయ్యొద్దు. బడి తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి, నా దగ్గర నిక్కర్లు గుట్టగా పడి ఉన్నాయి. నేను వాటికి చేత్తో అంచులు కుడుతూ కూర్చున్నాను. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు జిప్పు సంగతి మరిచి ఆ గాజుతలుపు ముందు చతికిలబడేవాళ్ళు. "ఇంకా ఎన్నాళ్ళు?" అని నన్ను అడిగేవాళ్ళు, గుడ్లు పెట్టింది నేనే అయినట్టు.

రోజుకి మూడుసార్లు అన్నయ్య చేతులు వేడినీళ్ళలో ముంచి తుడుచుకుని, తలుపు తీసి, గుడ్లని ఇటునుంచి అటు తిప్పేవాడు. మధ్యాహ్నం షాపులో ఎవరి ఫ్రిజ్ విప్పి ఉన్నా వదిలేసి స్కూటరు మీద వచ్చేసేవాడు. వారం గడిచాక గది తలుపులన్నీ మూసి, టార్చిలైటు గుడ్డుకి ఆనించి చూశాడు. ఎర్రటి నరాలు, మధ్యలో ఓ నల్లటి చుక్క, అది కదిలింది. నేను కూడా చూశాను. నా కోపం ఆ పూటకి చల్లారింది. మూడు గుడ్లలో ఏమీ లేదు, వెలుతురు సూటిగా అవతలికి పోయింది. ఐదింటిలో ప్రాణం ఉంది.

"ఐదు బతికి ఉన్నాయని మీ వదినకి చెప్పు."

వదిన వంటింట్లోంచే అంది, "అయితే నన్నేం చెయ్యమంటారో అడుగు." కాని ఆ రోజు టీ ఆయనకి చల్లారనివ్వకుండా పంపింది.

నెల దగ్గరపడింది. గుడ్లు బరువెక్కాయి. బాతుల ఫారం నడిపే ఒకాయన అన్నయ్యకి ఫోనులో సలహాలిస్తుండేవాడు. "ఇంక గుడ్లు తిప్పకండి. తలుపు అసలు తీయకండి. తీశారంటే తేమ పోయి, లోపలి పొర ఎండి, పిల్లకి చుట్టుకుపోతుంది" అన్నాడు. అన్నయ్యకి ఇలాంటి మాటలు ఒకసారి చెబితే చాలు. నీళ్ళగిన్నె నిండా పోసి, తలుపు మూసి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. షాపు మూసేశాడు. ఎవరో ఫోను చేసి ఐసంతా కరిగి వంటిల్లు చెరువైందంటే, "పిల్లలు లేచే టైమండీ, రాలేను" అని పెట్టేశాడు. వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు.

మొదటి గుడ్డు మీద నక్షత్రంలా చిన్న పగులు వచ్చింది. అందులోంచి ముక్కు కొన కనబడింది. అది కదులుతోంది. అన్నయ్య గాజుకి ముక్కు ఆనించి పిల్లాడిలా నవ్వాడు. "మీ వదినకి చెప్పు, మీ వదినకి చెప్పు" అని గుసగుసలాడాడు, గట్టిగా అంటే అది బెదిరిపోతుందన్నట్టు. వదిన గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు గాని చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది.

సాయంత్రానికి ఆ ముక్కు కదలడం మానేసింది.

అలసిపోయి పడుకుందేమో అన్నాడు అన్నయ్య. మర్నాటికీ లేవలేదు. అంతలో రెండో గుడ్డు పగిలింది. అదీ అంతే, కాసేపు ముక్కు ఆడించి ఆగిపోయింది. అప్పుడు తలుపు తీసి రెండింటినీ బయటికి తీశాడు. పెంకు ఒలిస్తే లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంది. తడి నూగు, కాళ్ళ మధ్య పొర, అన్నీ ఉన్నాయి. ఊపిరి ఒక్కటి లేదు. మూడో గుడ్డుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, టార్చి వేసి చూశాడు. అది పగలకుండానే పోయింది.

మిగిలినవి రెండు. అన్నయ్య కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. వేడి చూశాడు, సరిగ్గానే ఉంది. తేమ చూశాడు, గాజు మీద చెమట పడుతోంది. ఫారం ఆయనకి ఫోను చేశాడు. "తలుపు గాని తీశారా?" అని అడిగాడాయన. "ఆ రెండూ పోయేదాకా ప్రమాణంగా తీయలేదండీ" అన్నాడు మావాడు. ఇద్దరూ తల పట్టుకున్నారు. ఆ ఫారం ఆయన గుడ్లు పొదిగించే పెట్టెకి పైనా కిందా గాలికన్నాలు ఉంటాయి. ప్రతి పెట్టెకీ ఉంటాయి కాబట్టి ఆయన అడగలేదు. గాలి బయటికి పోవడం తప్పని ముప్పయ్యేళ్ళుగా ఊరికి చెబుతున్న మావాడికి ఆ ఊహే రాలేదు.

రాకపోగా, ఎక్కడో సందు ఉంది కాబోలని అనుమానపడ్డాడు. కాగితం పెట్టి నాలుగు పక్కలా లాగాడు. చిరిగింది. అయినా నమ్మకం కుదరక వెడల్పాటి టేపు తెచ్చి తలుపు అంచు చుట్టూ అంటించడం మొదలుపెట్టాడు. ఒక వరస వేశాడు, దాని మీద ఇంకో వరస.

"అన్నయ్యా, ఇంక చాలు. అవి పోయేవే అయితే పోతాయి. నా నిక్కర్లు నన్ను కుట్టుకోనీ" అన్నాను. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అది వేరే సంగతి.

"సందుంది. ఎక్కడో సందుంది," అంటూ టేపు పళ్ళతో కొరికాడు.

వదిన గదిలోకి వచ్చింది. నెల రోజుల్లో ఆ గడప దాటడం అదే మొదలు. బల్ల మీద గుడ్డలో చుట్టి ఉన్న పిల్లల్ని చూసింది, టేపు చూసింది. నా వైపు తిరగలేదు. సూటిగా ఆయనతోనే అంది:

"మీ తల అందులో పెట్టుకుని తలుపేసుకోండి ఒకసారి. అప్పుడు తెలుస్తుంది."

ఏం తెలుస్తుందో ఆవిడకీ తెలియదు. కడుపు మండి అన్న మాట. చెంబు పెట్టి కొట్టాలనిపించినప్పుడు చెంబు బదులు విసిరిన మాట. కాని నెల రోజుల తర్వాత పెళ్ళాం నోటివెంట తనకంటూ వచ్చిన మొదటి మాట కావడంతో అన్నయ్య దాన్ని అక్షరాలా పాటించాడు. టేపు పీకాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు కాస్తే తెరిచి, తల లోపల పెట్టి, మిగిలిన సందంతా తువ్వాలుతో కప్పుకున్నాడు. పిచ్చెక్కిందనుకున్నాను. వదిన కూడా ఒకడుగు వెనక్కి వేసింది.

ఎంతోసేపు ఉండలేదు. ముఖం ఎర్రబడి, రొప్పుతూ తల బయటికి లాక్కున్నాడు.

"ఊపిరాడటం లేదు," అన్నాడు. "లోపల గాలి లేదు."

ఇంక ఎవరూ ఆయనకి ఏమీ చెప్పక్కర్లేదు. గుడ్లు తిప్పడానికి రోజూ తలుపు తీసినన్నాళ్ళూ గాలి మారుతూ వచ్చింది. పిల్లలు పెద్దవై, వాటికి గాలి ఎక్కువ కావాల్సి వచ్చిన రోజుల్లోనే తలుపు మూసి పెట్టాడు. అదే మామూలు పనివాడు చేసిన పెట్టయితే ఏ మూలనుంచో కొంత దూరేది. మా బిర్రుగారు చేసింది కాబట్టి ఎక్కడినుంచీ దూరలేదు.

డ్రిల్లు పెడితే అదురుతుందని నా కత్తెర అడిగాడు. గుడ్డలు కత్తిరించే మంచి కత్తెర, కాగితం కూడా ముట్టించనివ్వను దాన్ని. ఇచ్చాను. పైన ఒకచోట, కింద ఒకచోట గాస్కెట్‌ని కత్తిరించాడు. కొత్త గాస్కెట్‌కి కత్తెర పెట్టడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. రబ్బరు ముక్కలు రెండూ నేల మీద పడ్డాయి. తలుపు మూసి కాగితం పెడితే ఇటు పెట్టింది అటు పోయింది. కత్తెరకి పదును పోయింది, నేనింకా దాని గురించి మాట్లాడటం లేదు.

రెండింటిలో ఒకటి అసలు పగలలేదు. రెండోది మర్నాడు పొద్దున పగిలి, పొద్దంతా లోపల గింజుకుని, మధ్యాహ్నం దాటాక పెంకుని రెండు చెక్కలు చేసి బయట పడింది. అప్పుడు గాజు అవతల దానికి మొదట కనబడింది అన్నయ్య ముక్కు. నూగు ఆరి, కాళ్ళ మీద నిలబడగానే అది ఆయన చెప్పుల వెంట పడింది. ఆయన కదిలితే కదిలింది, ఆగితే ఆగింది, కనబడకపోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను, ఏం చెప్పమంటాడోనని. "మీ వదినకి చెప్పు..." అని అలవాటుగా మొదలుపెట్టి ఆగిపోయాడు. చేతులు ముందుకి చాచి, "ఇదిగో" అన్నాడు.

వదిన టీకి నీళ్ళు పెడుతోంది. చేతులు తుడుచుకుంది. పిల్లని చూసింది. తల్లిలాగే తెల్లగా వస్తుందని నాకనిపించింది. ఆవిడకి ఏమనిపించిందో. చెయ్యి చాచలేదు.

"ఎక్కడ ఉంచుతారు?" అని అడిగింది.

"ఇప్పుడు డబ్బాలో. కాస్త పెద్దదయ్యాక గూట్లో."

"గడియ వేశారా?"

అన్నయ్య పిల్లని పట్టుకునే పెరటి తలుపు వైపు తిరిగాడు.

ముగ్గురం పెరట్లోకి వెళ్ళాం. గూటి తలుపు ఎలా ఉందో అలాగే ఉంది, సగం తెరుచుకుని. తెగిన తాడుముక్క కొక్కానికి వేలాడుతోంది. నెల రోజులుగా బల్బులు, ఫ్యాన్లు, స్విచ్చులు, గాస్కెట్లు, నా గది, నా మిషను, నా కత్తెర. ఇంత హంగామా చేసిన మనిషి ఈ తలుపుని ముట్టుకోలేదు. నాకు కోపం నషాళానికి అంటింది.

అన్నయ్య పిల్లని కింద దింపాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. చొక్కాజేబులో కాగితం ముక్కల మధ్య వెతికితే స్క్రూ కూడా దొరికింది, దాన్ని ఎప్పటినుంచి మోస్తున్నాడో ఆయనకే తెలియాలి. గడియని చెక్కకి ఆనించి, స్క్రూ పెట్టి, తిప్పాడు. గట్టిగా నాలుగు తిప్పులు. గడియ వేసి లాగి చూశాడు. తలుపు కదలలేదు. వంటింట్లో టీనీళ్ళు ఇంకా మరగనే లేదు.

"అయిపోయిందా?" అంది వదిన.

"అయిపోయింది."

"ఇంతేనా?"

"ఇంతే," అన్నాడు.

వదిన ఆ గడియ వంక చూస్తూ మెట్టు మీద కూర్చుండిపోయింది. కూర్చుని ఏడ్చింది. ఆ రోజు ఈకల మధ్య నిలబడి ఏడవని ఏడుపంతా ఇప్పుడు ఏడ్చింది, భుజాలు కదిలిపోయేలా, పక్కింటివాళ్ళకి వినబడేలా. స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని అన్నయ్య అక్కడే నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియలేదు ఆయనకి. పిల్ల ఆయన చెప్పు మీదికెక్కి, జారి, మళ్ళీ ఎక్కుతోంది.

కాసేపటికి లోపల నీళ్ళు మరిగి గిన్నె మూత కొట్టుకోవడం మొదలుపెట్టింది. వదిన ముఖం తుడుచుకోకుండానే తలెత్తింది.

"వెళ్ళి స్టవ్ ఆపండి," అంది ఆయనతో.

అన్నయ్య గబగబా లోపలికి వెళ్ళాడు. పిల్ల వెనకే పరిగెత్తింది గాని గడప ఎక్కలేక దాని కింద నిలబడి గోలపెట్టింది. వదిన కొంచెంసేపు చూసి, లేచి వెళ్ళి, దాన్ని ఎత్తి గడప అవతల పెట్టింది.